నీళ్ల తొట్టిలో స్వామి కనిపిస్తాడా?

ప్రశ్న: మాస్టారూ, నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఏడేళ్లుగా పొద్దున్నే అరగంట ధ్యానం అలవాటు. కళ్లు మూసుకుని వేంకటేశ్వరస్వామిని కిరీటం నుంచి మొదలుపెట్టి ఊహించుకుంటాను. నామం దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు మెయిలేదో గుర్తొస్తుంది. మొన్న పెళ్లిరోజుకి మావారు ఫ్లోట్ ట్యాంక్‌కి టికెట్ కొనిచ్చారు. చీకట్లో ఉప్పునీళ్ల మీద గంటసేపు పడుకున్నాను. మెడ నొప్పి, గుండె చప్పుడు, చివర్లో ఒక ఊదారంగు వెలుగు. అది దర్శనమా? ధ్యానం కుదరాలంటే మళ్లీ వెళ్లమంటారా? అమ్మ ఫొటో చూసి, ‘బతికుండగా శవపేటికలో పడుకోవడమేంటే’ అని ఒకటే గోల.
– పేరు వద్దన్న పాఠకురాలు, ఎడిసన్

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూద్దామమ్మా. 1970ల్లో ఈ తొట్లను అమ్మకానికి తయారుచేసిన గ్లెన్ పెర్రీ మీలాగే కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన కంపెనీ పేరేమిటో తెలుసా? సమాధి! ధ్యానంలో చివరి మెట్టు అనే అర్థంలోనే పెట్టారు గానీ, ఆ మాట మన ఊళ్లో ఎలా వినిపిస్తుందో ఎవరూ చెప్పినట్టు లేదు. అమ్మగారికి మాత్రం ఇది చెప్పకండి. శవాసనం గుర్తు చేయండి. శవంలా పడుకుంటే అలసట పోతుందని, మనసుకు విశ్రాంతి దొరుకుతుందని హఠయోగ ప్రదీపిక ఎప్పుడో చెప్పింది. ఆ గ్రంథంలోనే ప్లావిని అని ఒక కుంభకం, అంటే ఊపిరి బిగబట్టే పద్ధతి ఉంది. కడుపు నిండా గాలి నింపుకున్నవాడు లోతు నీళ్లలోనూ తామరాకులా తేలతాడట. నీళ్ల మీద తేలడం మన యోగులకు కొత్తేమీ కాదు.

నేనూ ఒకసారి ఆ తొట్టిలో పడుకున్నాను. మూడేళ్ల కిందట పోర్ట్‌లాండ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు తనే తీసుకెళ్లింది. ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకోవడం నేను చేసిన మొదటి తప్పు. నీళ్లలో దిగగానే ఎక్కడెక్కడ గాట్లు పడ్డాయో లెక్క తేలింది. రెండో తప్పు, ముక్కు దురద పెడితే ఆ ఉప్పుచేత్తోనే గోక్కోవడం. కంట్లో ఒక చుక్క పడింది. పది నిమిషాలు అదే ధ్యానం.

నీళ్లు అడుగు లోతు కూడా ఉండవు. అందులో అయిదు వందల కిలోల దాకా ఎప్సం సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్ కరిగిస్తారు. సముద్రపు నీటి సాంద్రత 1.025 అయితే దీనిది దాదాపు 1.25. మునగాలన్నా మునగలేం. ముప్పై ఏళ్లు ఆర్కిమెడిస్ సూత్రం పాఠం చెప్పినవాణ్ణి నాకిది తెలియక కాదు. అయినా తల ఎక్కడ మునుగుతుందోనని మెడ బిగబట్టుకునే ఉన్నాను. సూత్రం తలలో ఉంది, మెడ దాకా దిగలేదు! మీ మెడ నొప్పికి కారణం కూడా అదే అయివుంటుంది. తొలిసారి చాలామందికి ఇంతే. మెత్తటి రింగులాంటి దిండు ఇస్తారు, అడగండి. దాని మీద తల పెట్టుకుంటే మెడ దానంతటదే వదులవుతుంది.

ఆ తర్వాత తెనాలిలో మోటారు ఆపి వచ్చానా లేదా అన్న ఆలోచన. బయల్దేరి అప్పటికి నెల దాటింది! అదీ అయ్యాక ఎప్పుడో చేతులు ఎక్కడున్నాయో తెలియకుండా పోయింది. నీళ్లు 34, 35 డిగ్రీల దగ్గర, అంటే చర్మం వేడికి సమానంగా ఉంచుతారు కాబట్టి ఒంటికీ నీటికీ హద్దు చెరిగిపోతుంది. అది బాగుంది, కాదనను. గంట అయిపోయిందని చెప్పే సంగీతం మొదలైనప్పుడు కాస్త కోపం కూడా వచ్చింది.

ఈ తొట్టిని 1954లో జాన్ లిల్లీ అనే అమెరికా శాస్త్రవేత్త తయారుచేసింది భక్తి కోసం కాదు. బయటి నుంచి చప్పుడు, వెలుతురు, స్పర్శ ఏమీ అందకపోతే మెదడు నిద్రపోతుందా అని తేల్చుకోవడానికి. నిద్రపోలేదు. తన బొమ్మలు తానే గీసుకోవడం మొదలుపెట్టింది. మీ ఊదారంగు వెలుగు ఆ కోవలోదే. అది మీరు పిలవకుండా వచ్చింది. దాన్ని దర్శనం అనుకుంటే, రేపు రాకపోతే దిగులు, ఎల్లుండి దాని కోసం ఇంకో టికెట్.

గీత రెండో అధ్యాయంలో తాబేలు ఉపమానం ఉంది కదా. తాబేలు తనంతట తాను కాళ్లు లోపలికి లాక్కోవడం వేరు, తాబేలు మీద బుట్ట బోర్లించడం వేరు. తొట్టి చేసేది రెండోది. పతంజలి ప్రత్యాహారం, అంటే ఇంద్రియాలను లోపలికి మళ్లించుకోవడం అన్నది మొదటిదాన్ని. బుట్ట కింద ఉన్నంతసేపు ప్రశాంతంగానే ఉంటుంది. ఓక్లహోమాలోని టల్సాలో ఆందోళనతో బాధపడే 50 మందిని గంటసేపు తేలనిచ్చి చూస్తే, బయటికి వచ్చేసరికి ఆందోళన బాగా తగ్గింది. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. టెన్షన్ తగ్గడానికి వెళ్తానంటే సంతోషంగా వెళ్లండి. చర్మం గుండా మెగ్నీషియం ఒంటికి పడుతుందని కౌంటర్లో చెప్పే మాటకు మాత్రం నేను విలువివ్వను.

ఇక స్వామి రూపం. మీరు కిరీటం నుంచి మొదలుపెడుతున్నారు. అక్కడ రత్నాలు, పూలు, నామం, ఎన్ని వివరాలో! మనసు జారిపోక ఏం చేస్తుంది? స్వామి కుడిచేయి దేన్ని చూపిస్తోంది? పాదాలనే కదా. మన పెద్దలు చెప్పిన వరసా పాదాల నుంచే. నెల రోజులు ఇంట్లో పాదాలు మాత్రమే చూడండి, మోకాలు దాకా కూడా వద్దు. ఆ తర్వాత కావాలంటే తొట్టికి వెళ్లండి. మొదటి పావుగంట ఊపిరి మీదే ఉండి, ఒళ్లు వదులయ్యాక పాదాలు తలుచుకోండి. ముందు రోజు వ్యాక్సింగ్ వద్దు, కాఫీ తాగి వెళ్లొద్దు. భయమేస్తే మూత తీసి ఉంచుకోవచ్చు, తప్పేం లేదు. మూర్ఛ, కిడ్నీ జబ్బు, మానని పుండు ఉన్నా, మానసిక సమస్యకు మందులు వాడుతున్నా డాక్టర్ని అడగకుండా దిగకండి.

ప్రశ్న: ఎరువుల కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ చవకే. రెండు కిలోలు తెచ్చి మా బాత్‌టబ్‌లో కలిపితే తేలతామా? లేదంటే మా చేలో దిగుడు బావి ఉంది.
– ఒక రైతు, నరసరావుపేట

జవాబు: రెండు కిలోలకు తేలేది మీ సబ్బుపెట్టె. టబ్‌లో మీరు తేలాలంటే బస్తాలకు బస్తాలు కావాలి. పైగా కొట్లో దొరికేది పంటకు, ఒంటికి కాదు. దాన్ని పత్తి ఆకు ఎర్రబడితే లీటరుకి పది గ్రాముల లెక్కన కొట్టుకోండి. బావిలో వెల్లకిలా ఈత నాకూ ఇష్టమే. చిన్నప్పుడు నడుముకి సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నాను. కానీ ఒంటరిగా, కళ్లు మూసుకుని మాత్రం వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి డాబా మీద చాప వేసుకుని, కళ్లకు తువ్వాలు కట్టుకుని శవాసనం వేయండి. దోమతెర మరిచిపోకండి.