మిగిలిపోయిన పండ్లు, కూరగాయలతో కొత్త వస్తువులు చేస్తే నిజంగా వృథా తగ్గుతుందా?

తగ్గుతుంది, కాకపోతే సరుకు పాడవకముందే పట్టుకోవాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, తలుచుకుంటేనే బాధేస్తుంది.

టమాటానే తీసుకోండి. అందులో దాదాపు 95 శాతం నీళ్లే, అందుకే త్వరగా కుళ్లుతుంది, అదే ఎండబెట్టి పొడి చేస్తే బూజుకీ బ్యాక్టీరియాకీ కావాల్సిన తేమ దొరక్క నెలల తరబడి నిలవుంటుంది. జామ్‌లో చక్కెర చేసేదీ ఇదే పని. ఇక సీసాల్లో నిలవ పెట్టేవాటికి పులుపు ముఖ్యం: పులుపును కొలిచే పీహెచ్ అంకె (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే, బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియా పెరగదు. అమ్మకానికి చేసేవాళ్లు ఈ అంకెను దయచేసి కొలిచి చూసుకోండి, అంచనా మీద వదిలేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

నాకు బాగా నచ్చేది పిప్పి సంగతి. యాపిల్ రసం తీశాక మిగిలిన పిప్పి నుంచి పెక్టిన్ తీస్తారు, అది మళ్లీ జామ్ గట్టిపడటానికే పనికొస్తుంది! చీజ్ చేశాక మిగిలే నీళ్ల నుంచి వే ప్రొటీన్ అనే పాల మాంసకృత్తు వస్తుంది.

బూజు పట్టినవి మాత్రం కలపొద్దు. కొన్ని బూజు విషాలు ఉడికించినా పోవు, వాటిని కంపోస్టులో వేసేయండి.