ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఆలస్యమైతే ప్రమాదమా?

మీ అమ్మగారికి 71 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు గడ్డ మాత్రమే తీసి ఆరు వారాలైంది, గాయం పూర్తిగా ఆరక రేడియేషన్ మొదలు కాలేదు, కీమో లేదు అన్నారు. ఇంకా సమయం మించిపోలేదు. కీమో అవసరం లేనివారికి మామూలుగా ఆపరేషన్ అయిన 8 వారాలకు అటూ ఇటూగా, గాయం మానకపోతే 12 వారాల లోపు మొదలుపెట్టాలని డాక్టర్లు చూస్తారు. పచ్చిగా ఉన్న గాయం మీద రేడియేషన్ పడితే అది మానడం మరింత కష్టం.

మా అత్తగారికి 74వ ఏట ఆపరేషన్ జరిగింది. షుగరు ఉంది, చంకలో నీరు చేరింది. చుట్టాలందరూ ‘ఆలస్యమైపోతోంది’ అని ఫోన్లు చేస్తుంటే, ఆవిడకంటే మాకే నిద్ర పట్టేది కాదు. చివరికి అడ్డొచ్చింది గాయం కాదు, భుజం! రేడియేషన్ ఎక్కడ పడాలో ముందుగా గుర్తించే ప్లానింగ్ స్కాన్‌కు చేయి తల పైకెత్తి కదలకుండా పడుకోవాలి. ఆవిడ చేయి చెవి దాకా కూడా లేచేది కాదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు గోడ మీద వేళ్లు పైకి పాకించడం రోజూ చేయించాం. విసుక్కుంటూనే చేశారు. మీ అమ్మగారి చేత సర్జన్ అనుమతితో ఇప్పుడే మొదలుపెట్టించండి.

అసలు రేడియేషన్ అవసరమా అని కూడా అడగండి, అడగడం తప్పేమీ కాదు. ప్రైమ్-2 అనే అధ్యయనంలో 65 ఏళ్లు, ఆ పైబడినవారిని, గడ్డ 3 సెంటీమీటర్లకు మించక, చంక గ్రంథులకు పాకక, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం) అయి, హార్మోన్ మాత్రలు సూచించినవారిని చూశారు. పదేళ్లలో అదే రొమ్ములో తిరగబెట్టడం రేడియేషన్ తీసుకోనివారిలో 9.5 శాతం, తీసుకున్నవారిలో 0.9 శాతం. ఆయుష్షులో మాత్రం తేడా కనిపించలేదు. అయితే రేడియేషన్ వద్దనుకుంటే మాత్రలు ఏళ్ల తరబడి తప్పక వేసుకోవాలి. కీళ్ల నొప్పులని మధ్యలో మానేసే పెద్దవాళ్లకు ఈ దారి చెప్పను. మా అత్తగారికి చంక గ్రంథిలో వ్యాధి కనబడింది కనుక ఈ ప్రశ్నే రాలేదు.

రోజూ తిరగడం కష్టమైతే, రొమ్ముకు మాత్రమే ఇచ్చే సందర్భాల్లో వారంలో 5 సిట్టింగులతో ముగించే పద్ధతి ఉంది. మీ అమ్మగారికి సరిపోతుందో లేదో కనుక్కోండి. గాయం ఆరాక కలుద్దామని మాత్రం ఆగవద్దు. స్కాన్‌కు తేదీ, ఆరోగ్యశ్రీ అయితే ముందస్తు అనుమతి, వీటికే రోజులు పడతాయి. ఈ వారమే పాథాలజీ రిపోర్టు (తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చేది) పట్టుకుని రేడియేషన్ డాక్టరును కలవండి. గాయం నుంచి చీము గానీ జ్వరం గానీ ఉంటే ముందు సర్జన్ దగ్గరికి వెళ్లండి.