టెల్ మీ అంటాం, ఎక్స్‌ప్లెయిన్ మీ అనకూడదా?

పాఠకుల ఇంగ్లీషు సందేహాలకు రిటైర్డ్ జూనియర్ కాలేజీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ ద న్యూ స్కీమ్’ అని మెయిల్ పెడితే మా మేనేజర్ గారు ‘టు మీ’ అని దిద్ది తిప్పి పంపారు. ‘టెల్ మీ ద ప్రైస్’ ఒప్పయినప్పుడు ఇది తప్పెలా అయింది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ మేనేజర్ గారిదే కరెక్టు. అర్థం దగ్గర దగ్గరగా ఉన్న రెండు వెర్బులు వాక్యంలో కూడా ఒకేలా నడుస్తాయని అనుకుంటాం. నడవవు. తెలుగులో మాత్రం నడుస్తున్నాయా? ‘అమ్మకి చెప్పు’ అంటాం, ‘అమ్మని అడుగు’ అంటాం. ‘అమ్మని చెప్పు’ అని బడి మొహం చూడని పిల్లాడు కూడా అనడు. వాడికి ఎవరూ రూల్ చెప్పలేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడే దాని తోక కూడా పడింది.

ఇంగ్లీషులో గివ్, టెల్, షో, సెండ్, టీచ్ లాంటివాటి పక్కన మనిషిని నేరుగా పెట్టొచ్చు: గివ్ మీ, షో హర్, సెండ్ అస్. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, మెన్షన్, అనౌన్స్, డొనేట్ అలా ఒప్పుకోవు. మధ్యలో ‘టు’ ఉండాల్సిందే. చాలావరకు పొట్టిగా ఉండే పాత ఇంగ్లీషు మాటలు మొదటి గుంపులోకి, లాటిన్, ఫ్రెంచ్ నుంచి వచ్చిన పొడుగు మాటలు రెండో గుంపులోకి వస్తాయి. చాలావరకు అనే అంటున్నాను. ఎందుకంటే ‘ప్రామిస్’ కూడా లాటిన్ నుంచి వచ్చిందే, కానీ ‘ప్రామిస్ మీ’ అంటే ఏ తప్పూ లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే ‘సజెస్ట్ మీ ఎ గుడ్ డెంటిస్ట్’లో అసలు ‘మీ’ అక్కర్లేదు. ‘కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ డెంటిస్ట్?’ చాలు, అడిగేది మీరేనని అందరికీ తెలుసు. డొనేట్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ‘వి డొనేటెడ్ ద టెంపుల్ టెన్ థౌజండ్ రుపీస్’ అని రాస్తే, మీరు గుడినే దానం చేసేశారేమోనని చదివేవాడు ఒక క్షణం కంగారు పడతాడు.

ప్రశ్న: మా అబ్బాయి గ్రామర్ పుస్తకంలో ‘రిమెంబర్ టు లాక్’, ‘రిమెంబర్ లాకింగ్’ రెండూ ఉన్నాయి. ఏది నేర్పాలి మేడమ్?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: రెండూ నేర్పాలమ్మా, రెండింటి అర్థం ఒకటి కాదు. ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’ అంటే తాళం వేయడం మరిచిపోకు అని. పని ఇంకా ముందుంది. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు నాకు గుర్తుంది అని. పని అయిపోయింది. రైలెక్కాక మనకు కావాల్సింది ఈ రెండోదే.

‘స్టాప్’తో తేడా వస్తే నవ్వులపాలవుతాం. షుగర్ పేషెంటు డాక్టరు ముందు కూర్చుని ‘ఐ స్టాప్డ్ ఈటింగ్ స్వీట్స్’ అనాల్సింది పోయి ‘ఐ స్టాప్డ్ టు ఈట్ స్వీట్స్’ అన్నాడనుకోండి. ఆత్రేయపురం మీదుగా వెళ్తూ కారు ఆపి మరీ పూతరేకులు తిన్నానని ఒప్పుకున్నట్టే. ‘ట్రై’ కూడా ఇలాంటిదే. ‘ట్రై రీస్టార్టింగ్ ద ఫోన్’ అంటే ఒకసారి ఆపి ఆన్ చేసి చూడు, బాగవుతుందేమో అని. ‘ట్రై టు రీస్టార్ట్ ఇట్’ అంటే ఆన్ చేయడమే కష్టంగా ఉంది, ప్రయత్నించు అని.

ఇలా రెండు అర్థాలిచ్చేవి కొన్నే. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ తర్వాత ‘ఇంగ్’ రూపమే వస్తుంది, ‘ఐ ఎంజాయ్ టు కుక్’ కుదరదు. వాంట్, హోప్, డిసైడ్ తర్వాత ‘టు’నే. స్టార్ట్, బిగిన్ దగ్గర ఏది వాడినా సాధారణంగా పెద్ద తేడా లేదు, పిల్లాడికి అక్కడ టెన్షన్ పెట్టకండి.

ప్రశ్న: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాస్తే ఫోన్ కింద గీత గీస్తోంది. ‘టు’ తర్వాత ‘ఇంగ్’ వస్తుందా?
– బీటెక్ ఫైనలియర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఇక్కడ వస్తుంది. ‘టు’ తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడు బాబూ. ‘లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ కుదిరింది కదా? అలా కుదిరితే అది ప్రిపొజిషన్, దాని తర్వాత ‘మీటింగ్ యు’ అనాలి. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ (పొద్దున్నే లేవడం నాకు అలవాటే) కూడా అంతే. అందులో ‘యామ్’ తీసేస్తే మాత్రం కథ మారుతుంది. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు లేచేవాణ్ని, ఇప్పుడు లేవడం లేదు అని. ఇంటర్వ్యూలో ఇది అనకు.

ప్రశ్న: ఆఫీసులో ‘ఐ కట్ మై హెయిర్ ఎస్టర్‌డే’ అంటే, ‘నువ్వే కట్ చేసుకున్నావా? ఎంత బాగా చేశావ్!’ అని మెచ్చుకున్నారు. నేను వెళ్లింది సెలూన్‌కి!
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ మెచ్చుకోలు మీరు ఉంచేసుకోండి. అమెరికన్లలోనూ కొందరు అలా అంటారు గానీ, అనుమానం లేకుండా చెప్పాలంటే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. మనకు ‘-ఇంచు’ అనే గొప్ప సదుపాయం ఉంది. కుట్టాను, కుట్టించాను. రాశాను, రాయించాను. వెర్బు చివర అది తగిలిస్తే పని ఇంకొకరిదైపోతుంది. ఇంగ్లీషులో ఆ తోక లేదు కాబట్టి బయటి నుంచి ఇంకో వెర్బుని తెచ్చుకోవాలి, ఏది తెచ్చుకుంటామన్నదాన్ని బట్టి మన తీరు బయటపడుతుంది.

చేసినవాళ్ల ఊసు అక్కర్లేకపోతే ‘ఐ గాట్ ద బ్లౌజ్ స్టిచ్డ్’, లేదా ‘ఐ హాడ్ ఇట్ స్టిచ్డ్’. టైలరుని బతిమాలో, నాలుగుసార్లు ఫోన్ చేసో కుట్టిస్తే ‘ఐ గాట్ ద టైలర్ టు స్టిచ్ ఇట్’. ఇందులో ‘టు’ ఉంటుంది. మామూలుగా పని పురమాయిస్తే ‘హావ్’, ‘టు’ ఉండదు. ‘ఐ విల్ హావ్ మై అసిస్టెంట్ కాల్ యు’ అని మీరు అక్కడ వింటూనే ఉంటారు. బలవంతమైతే ‘మేక్’: ‘షి మేడ్ మి వెయిట్’. ఇక్కడ ‘మేడ్ మి టు వెయిట్’ అని మనవాళ్లు ‘టు’ ఇరికిస్తారు, వద్దు. కానీ అదే వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పితే, పోయిన ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’. మా క్లాసులో బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడే పడేవారు.

ప్రశ్న: డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. ఏ వెర్బు తర్వాత ఏది వస్తుందో ఒక లిస్టు ఇస్తారా?
– ఒక అభ్యర్థి, శ్రీకాకుళం

జవాబు: లిస్టు బట్టీ పడితే పరీక్ష హాలు గుమ్మం దాకానే వస్తుంది. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషు మాస్టారు అక్కడి పిల్లల తిప్పలు చూసి, వెర్బుల నడకను 25 నమూనాలుగా విడగొట్టి, డిక్షనరీలో ఏ వెర్బుది ఏ నమూనానో నంబర్లు వేశారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. హైదరాబాద్‌లో 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌కి, అదే ఇప్పటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి (ఇఫ్లూ), ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు ఈ నమూనాలతో మమ్మల్ని తెగ రుద్దారు. నంబర్లు మరిచిపోయాను, వాక్యాలు నిలిచాయి.

ఇప్పటి ఎడిషన్లలో నంబర్ల బెడద లేదు. సజెస్ట్ దగ్గర ‘సజెస్ట్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ’ అని నమూనా విడమరిచి, కింద ఉదాహరణ ఇస్తారు. అర్థం చూసి పుస్తకం మూసేయకుండా ఆ ఒక్క లైను చూడండి. ఆ వెర్బుతో మీ ఇంటి సంగతి ఒకటి వాక్యంగా రాసుకోండి.

ప్రశ్న: ‘డిస్కస్ అబౌట్’ ఎందుకు తప్పు మేడమ్? అందరూ అంటున్నారు కదా.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీటింగులో అంటే నేను పట్టించుకోను, అర్థమవుతుంది. పరీక్షలో, అప్లికేషన్‌లో రాయకండి. నామవాచకానికి ఉండే తోకను మనం వెర్బుకి కూడా తగిలిస్తున్నాం. ‘డిస్కషన్ అబౌట్ శాలరీస్’ సరే, ‘డిస్కస్ శాలరీస్’ అనాలి. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ సరే, ‘ఐ రిక్వెస్ట్ లీవ్’ అనాలి. ‘ది ఆన్సర్ టు ద క్వశ్చన్’ సరే, ‘ఆన్సర్ ద క్వశ్చన్’ అనాలి. ‘ఎంఫసిస్ ఆన్’ సరే, ‘ఎంఫసైజ్ ఆన్’ వద్దు.