పదును లెక్క పిల్లలతో తీయించేటప్పుడు

అనంతపురం

నాయనా,

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఏం సైన్సు ప్రాజెక్టు చేయించమంటారని అడిగావు. థర్మాకోల్ అగ్నిపర్వతం మాత్రం వద్దు. దాంట్లో పిల్లోడు చేసేది రంగు వేయడమే. బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌ అవార్డుకు ఎంపికైతే వచ్చే పదివేల సంగతి తర్వాత చూద్దువు. ముందు మన చేలల్లో పుట్టిన ప్రశ్న ఒకటి పట్టుకో.

వాన పడి నేల కాస్త ఆరినాక గుంటక (పైమట్టిని కదిలించే ఎడ్ల పనిముట్టు) తోలితే పదును, అంటే నేలలో తడి, నిలుస్తుందని మన రైతులంటారు. నిజమా? శెనక్కాయ పొట్టు కప్పితే అంతకంటే మేలా? ఇంట్లో పెద్దోళ్లను అడిగి రమ్మను. "నీటిని ఎలా కాపాడాలి" అన్నది ప్రశ్న కాదు, ఉపన్యాసం. "ఎర్రమట్టిలో పోసిన నీళ్లు రోజుకు ఎన్ని గ్రాములు ఆవిరవుతాయి, పొట్టు కప్పితే ఎన్ని" అన్నది తూచి తేల్చగలిగే ప్రశ్న. పిల్లలు అక్కడికి రావడానికి వారం పట్టినా నువ్వు ముందే చెప్పేయొద్దు.

రెండు లీటర్లు పట్టే ఒకే కొలత ప్లాస్టిక్ డబ్బాలు 12 కావాలి, అడుగున తూట్లు ఉండకూడదు. చేని మట్టి జల్లెడ పట్టి, పట్టా మీద పలచగా పరిచి, రెండు రోజులు వరసగా తూచినా బరువు మారనంతగా ఎండబెట్టించు. డబ్బాకు 1500 గ్రాముల మట్టి, 225 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే మట్టి బరువులో 15 శాతం. నీళ్లు దబ్బున కుమ్మరిస్తే నడుమ గుంట పడి అంచుల్లో మట్టి పొడిగానే ఉండిపోతుంది. చుట్టూ మెల్లగా పోసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి మూతలు తీసి నాలుగు డబ్బాలు అట్లే ఉంచి, నాలుగింటిలో 30 గ్రాముల చొప్పున ఎండిన పొట్టు పరచాలి. ఎంత మందం వచ్చిందో స్కేలుతో కొలిచి రాయించు. మిగతా నాలుగింటిలో పైన తడి ఆరి పొర కట్టేదాకా ఆగి, గుంటక తోలినట్టు రెండు సెంటీమీటర్ల లోతున ఫోర్కుతో కదిలించాలి, అంటిన మట్టి అందులోనే దులపాలి. పొట్టులో పప్పు ముక్కలుంటే ఏరేయండి, లేదంటే ఉడతలు మీ ప్రయోగాన్ని తిరగేస్తాయి.

5 కిలోల దాకా తూగి గ్రాము తేడా చూపే వంటింటి కాటా చాలు. అయితే బ్యాటరీ తగ్గినా, బల్ల కదిలినా, పైన ఫ్యాను తిరుగుతున్నా అంకె మారుతుంది. కిలో లోపు నాపరాయి ముక్క ఒకటి బీరువాలో పెట్టుకుని, రోజూ మొదట దాన్ని తూచి రాయమను. రాయి బరువు మారిందంటే ఆ రోజు కాటాను నమ్మొద్దు. వరండాలో గోడవారగా ఉన్న డబ్బా ఒకలా ఆరుతుంది, గాలికి అంచున ఉన్నది ఇంకోలా. కాబట్టి మూడు రకాలనూ కలగలిపి పెట్టి, తూచిన ప్రతిసారీ చోట్లు మార్పించు. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలుపెడితే వాన బెడద ఉండదు.

అసలు చిక్కు ఫలితం దగ్గర వస్తుంది. ఏమీ కప్పని మట్టి మొదటి రెండు మూడు రోజులు గబగబా బరువు తగ్గుతుంది. తర్వాత దాని పైపొరే ఎండి మూతలా పనిచేయడంతో ఆరడం మందగిస్తుంది. పొట్టు కప్పింది నిదానంగానే అయినా ఆరుతూనే పోతుంది. పదో రోజు ఒక్కటే చూస్తే రెండింటికీ తేడా అంతగా కనబడకపోవచ్చు. "ప్రయోగం చెడిపోయింది సార్" అంటారు. చెడిపోలేదు. పొట్టు ఆరడాన్ని వాయిదా వేసింది, ఆపలేదు. రోజువారీ గ్రాఫు గీయిస్తే ఆ మాట వాళ్లే అంటారు. విత్తు మొలిచే వారం రోజులకు ఆ వాయిదా సరిపోతుందా అన్నది తర్వాతి ప్రశ్న.

ఒకే రకం నాలుగు డబ్బాల మధ్యే 20 గ్రాముల తేడా ఉండి, రెండు రకాల సగటుల మధ్య 8 గ్రాములే ఉంటే, ఏది మేలో చెప్పలేమని రాయించాలి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పుస్తకం కుట్టింది కొనిపించు, విడి కాగితాలు వద్దు. రాత పెన్నుతోనే, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. ఒకరు అంకె చదివితే రెండోవాళ్లు తిరిగి పలికి రాయాలి. ఆదివారం తూచకపోతే ఆ గడి ఖాళీగానే ఉండాలి. అంకెల చివర ఎప్పుడూ సున్నాలు, అయిదులే కనబడితే, రోజూ సమానంగా తగ్గుతూ పోతే, కూర్చుని అల్లిన లెక్క అనుకో. తిట్టొద్దు, ఆ పూట నీ ముందే మళ్లీ తూచమను.

చివరి రోజు మట్టి పారబోయించొద్దు. ప్రతి డబ్బాలో పై రెండు సెంటీమీటర్ల మట్టి వేరుగా, అడుగు మట్టి వేరుగా తీసి తూచి, ఎండబెట్టి మళ్లీ తూపించు. గుంటక మాట నిజమో కాదో తేల్చేది ఆ అడుగు మట్టిలో మిగిలిన తడే, అంటే ఎండాక తగ్గిన బరువే.

ఆశీస్సులతో,
మీ పాత సారు