టెక్ సందేహాలు: ఫొటో మసక, దస్తావేజు మరీ స్పష్టం

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. అద్దంతో సహా స్కానర్ మీద పెడితే మసకగా వస్తోంది. 1200 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టినా అంతే. ఇంటి దస్తావేజును ఫోనులో ఉచిత యాప్‌తో తీస్తే మాత్రం చక్కగా వచ్చింది. స్కానర్ మార్చాలా?

జవాబు: అక్కరలేదు. వరద తరువాత నుంచి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మీది పలచగా ఉండే సీఐఎస్ రకం అయి ఉంటుంది. దాని చూపు గాజుకు ఆనిన కాగితం వరకే. నడుమ ఫ్రేము అద్దం అడ్డొస్తే ఆ మందానికే తడబడుతుంది. డీపీఐ పెంచితే ఆ మసకే పెద్దదవుతుంది. పాత సీసీడీ రకం, లావుపాటి స్కానర్ తెలిసినవారి దగ్గర ఉంటే అడగండి. లేదా ఫ్రేమును కిటికీ పక్కన నేల మీద పెట్టి, అద్దంలో నీడలు మెరవకుండా ఫోను వెనక ఎవరిచేతనైనా నల్లదుప్పటి పట్టించి, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫొటోను మాత్రం పీకకండి, ముఖాలు అద్దానికే ఉండిపోతాయి.

నాకు గుబులు పుట్టించింది మీ దస్తావేజు. అందులో వేలిముద్రలుంటాయి, చాలావాటిలో ఆధార్ నంబరూ ఉంటుంది. ఆధార్ చెల్లింపుల పద్ధతిలో డబ్బు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. ఓటీపీ అడగదు. రిజిస్ట్రేషన్ పత్రాల్లోని ముద్రలకు నకళ్లు చేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. అంత స్పష్టమైన కాపీని మీరు ఊరూపేరూ తెలియని యాప్ చేతిలో పెట్టారు! అది ఏ దేశపు సర్వరులో దాచుకుందో మీకు తెలుసా? 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో స్కానర్ యాప్ కూడా ఒకటుంది.

యాప్‌లనే అని ఏం లాభం? కాగితాన్ని బొమ్మగా మార్చే పెట్టెకు నా ఈమెయిల్ ఎందుకు? ఈ మధ్య కొన్న స్కానర్ ఖాతా తెరిస్తే తప్ప కదలనంది. తెరిచాక చూస్తే ‘క్లౌడ్‌లో దాచు’ (అంటే కంపెనీ సర్వరులో) అన్నచోట టిక్కు ముందే పెట్టి ఉంది. గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ దుకాణంలోనైతే కంప్యూటర్ తెర నిండా జనం దస్తావేజులే, ఇంటిపేర్లతో సహా. తుడిచేయమంటే ఆ కుర్రవాడు నవ్వాడు.

ఇక మీ పని. ఆ యాప్‌లో ఖాతా ఉంటే, ముందు అందులోని ఫైళ్లు, తరువాత ఖాతా, ఆఖరున యాప్ తీసేయండి. ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్‌కు, అంటే వేలిముద్రలాంటి గుర్తింపుకు, తాళం వేయండి. ఇంట్లో పెద్దవారు పింఛనుకు వేలిముద్ర వేసేవారైతే వారి తాళాన్ని ఆ రోజు తెరవాలి. దస్తావేజుకు మీ స్కానరే చాలు, 300 డీపీఐలో తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఎవరికైనా పంపాల్సి వస్తే ముద్రల మీద కాగితపు ముక్క కప్పి మళ్లీ స్కాన్ చేయండి. పీడీఎఫ్‌లో నల్లగడి గీస్తే చాలదు, చాలాసార్లు దాన్ని జరిపేయవచ్చు.