ఇల్లు ఇప్పుడే అబ్బాయికి రాసేయాలా?

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. గవర్నమెంటు టీచరుగా రిటైరయ్యాను. తెనాలిలో నా సంపాదనతో కట్టుకున్న ఇల్లు, ఒకే బ్యాంకులో 20 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. ఇంట్లో నేను, మా ఆవిడ, అబ్బాయి కుటుంబం ఉంటాం. అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. "వీలునామా అయితే రేపు కోర్టుల చుట్టూ తిరగాలి, ఇప్పుడే గిఫ్టు రాసేయండి నాన్నా" అంటున్నాడు అబ్బాయి. ఎఫ్‌డీలకు నామినీ కూడా వాడే. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, గిఫ్టు డీడు మీద సంతకం పెట్టకండి. మీ అబ్బాయి మంచివాడే కావచ్చు, ఈ మాట అతని మీద అనుమానంతో చెప్పడం లేదు. గిఫ్టు రిజిస్టరైన రోజే ఇల్లు అతనిదైపోతుంది. అతనికి అప్పులైతే అప్పులవాళ్లు ఆ ఇంటి మీదికే వస్తారు. రాయడానికి నాకు మనసొప్పడం లేదు గానీ, మీకంటే ముందు అతనికేదైనా జరిగితే ఆ ఇంటికి అతని భార్య, పిల్లలు, తల్లి వారసులవుతారు. తండ్రిగా మీకు వాటా రాదు. మనసు మారి గిఫ్టు రద్దు చేసుకుందామన్నా మీ ఒక్కరి ఇష్టంతో కుదరదు.

తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఉంది. 60 దాటినవాళ్లు తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిస్తే, తీసుకున్నవాళ్లు ఆ మాట తప్పినప్పుడు ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు లేని గిఫ్టుకు ఈ రద్దు నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా చూడాలని, ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని కూడా అంది. అయినా రేపు 75 ఏళ్ల వయసులో ఆఫీసుల చుట్టూ తిరిగే పని మీకెందుకు? రాసి తీరాలనుకుంటే మాత్రం మీ ఇద్దరి జీవితకాల నివాస హక్కు, పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి.

నా సలహా వీలునామాయే. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మీరు చేయించండి. మీ సంతకాన్ని కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆస్తిలో ఏమీ రానివాళ్లను, మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి. రేపు ఎవరైనా కాదంటే వాళ్లలో ఒకరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. మీరున్నంత కాలం ఇల్లు మీదే, వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అమ్మాయికి ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం. ఇవ్వకపోతే ఆ సంగతి కూడా స్పష్టంగా రాయండి, ఊరికే వదిలేస్తే గొడవలు అక్కడే మొదలవుతాయి. వీలునామా లేకపోతే భార్య, కొడుకు, కూతురు సమాన వాటాదారులు. మీ అమ్మగారు ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది.

ఇక నామినీ సంగతి. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది, అంతమాత్రాన అది అతని సొంతం కాదు, వారసులందరిదీ. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను, ఎవరికెంతో వాటాలతో సహా పెట్టుకోవచ్చు. వీలునామాలో ఒకలా, బ్యాంకులో మరోలా ఉండనివ్వకండి. బ్యాంకుకేమైనా అయితే వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కాబట్టి మొత్తం ఒక్కచోటే ఉంచకండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల దాకా వేయవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. మీ ఆవిడతో కలిపి జాయింటుగా తెరవండి.

మీ ఆవిడ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే రాశారు మాస్టారూ. నాకు ఎక్కువ టెన్షన్ ఆమె గురించే. మీ తర్వాత ఆమె ఆ ఇంట్లో ఎవరి దయ మీదా బతకకూడదు. వీలునామాలో ముందు ఆమె హక్కు రాయండి, పూర్తి హక్కా, జీవితాంతం అనుభవించే హక్కా అన్నది లాయరుతో మాట్లాడి స్పష్టంగా రాయించండి. పీపీఓలో (మీ పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఆమె పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో ఈ వారమే చూడండి. తేడా ఉంటే మీరుండగా మీ సంతకంతో దిద్దించడం తేలిక.