ఇంట్లో వాళ్ల తీరు వల్ల పానిక్ డిజార్డర్ వస్తుందా?

పానిక్ డిజార్డర్ అంటే ఉన్నట్టుండి దడ, విపరీతమైన భయం పదేపదే ముంచుకురావడం. అది కేవలం ఇంటి వల్లే వస్తుందని చెప్పలేం. వంశపారంపర్యం కూడా కొంత ఉంటుంది. కానీ వచ్చినదాన్ని పెంచి పోషించడంలో మాత్రం ఇంటిది పెద్ద చెయ్యి. మా ఇంట్లో అదే జరిగింది.

మాది తిరుపతి. తాత గుండెపోటుతో పోయినప్పటి నుంచి ఇంట్లో అందరికీ గుండె గురించే బెంగ. గ్యాస్ పట్టి ఛాతీలో పొడిచినా నాయన మొహం వాడిపోయేది. రాత్రి అన్నాలయ్యాక అమ్మ బీపీ మిషన్ తెచ్చి వరసగా అందరి చేతులకూ పట్టీ చుట్టేది. పోట్లాటలంటారా, లేవు. నాయనకు కోపమొస్తే మాట్లాడడు, అంతే. గేటు తీసిన చప్పుడును బట్టి ఆరోజు ఆయన ఎలా ఉన్నాడో పిల్లలం కనిపెట్టేవాళ్లం. పోట్లాటే నయమేమో!

నాకు మొదటిసారి తిరుమల బస్సులో, ఘాట్ రోడ్డు మలుపుల్లో వచ్చింది. దడ, చేతులు తిమ్మిర్లు, ఊపిరాడకపోవడం. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి (మీరూ ముందు అవి చేయించుకోండి). దడ రాగానే గుండె ఆగిపోతోందని హడలిపోతాం, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ వివరించింది ఈ చక్రాన్నే. దడంటే గుండెజబ్బేనని మాకు ఇంట్లో ముందే నూరిపోశారు కదా!

అసలు చిక్కు ఆ తర్వాత. అమ్మ దిష్టి తీసింది, సరే. నన్ను ఒంటరిగా గడప దాటనివ్వలేదు. బస్సు వద్దన్నారు, తమ్ముడు బండి మీద దించేవాడు. అంతా ప్రేమతోనే. కానీ అలా తప్పించుకున్న కొద్దీ భయం ముదిరింది.

మందులతో పాటు సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) మొదలుపెట్టాక థెరపిస్ట్ అమ్మనూ పిలిపించింది. దడ వచ్చినప్పుడు నాడి పట్టుకోవద్దు, ఎలా ఉందని పదేపదే అడగొద్దు, మామూలుగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది, మీ పని మీరు చేసుకోండి అంది. అమ్మకు అది నాకన్నా కష్టమైంది. నా పక్కనే చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది, ఈనెలు గిన్నెలో, కాయలు చెత్తలో వేసింది.

నాకిచ్చిన పని అలిపిరి మెట్లెక్కడం. గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాదని ఒంటికి తెలియాలట. గాలిగోపురం దాకా నిట్టనిలువు, అక్కడ రొప్పనివాళ్లు ఎవరు!

మీ ఇంట్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి రామంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందులు ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఎవరో అన్నారని మధ్యలో ఆపకండి.